ఆడగుర్రాల గర్భసంచిలో నీటితిత్తులు: చికిత్స గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వయసు పైబడిన ఆడగుర్రాన్ని రెండు మూడు ఎదల్లో దాటించినా చూలు నిలవనప్పుడు, స్కానింగు చేసిన పశువైద్యుడు "గర్భసంచిలో సిస్టులు ఉన్నాయి" అంటే, వాటిని తీయించేస్తే సరిపోతుంది కదా అని యజమానికి వెంటనే అనిపిస్తుంది. కొన్ని గుర్రాల విషయంలో అది సరైన ఆలోచనే. ఎక్కువ గుర్రాల్లో మాత్రం తిత్తి కంటే ముందు చూడవలసినవి, సరిచేయవలసినవి వేరే ఉంటాయి. తిత్తిని ముట్టుకోకుండా, అది ఎక్కడ ఎంత ఉందో సీజను మొదట్లోనే రాసిపెట్టుకున్నందువల్ల నిలబడిన చూలును నేను ఎన్నోసార్లు చూశాను. థరోబ్రెడ్, మార్వారీ, కాఠియావాడీ గుర్రాలను పెంచే యజమానులూ, స్టడ్ ఫారాల మేనేజర్లూ, గుర్రాల వైద్యంలోకి కొత్తగా వచ్చిన పశువైద్యులూ నన్ను అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఈ నీటితిత్తులు అసలు ఏమిటి? ఇవి క్యాన్సర్ గడ్డలా?

కావు. ఇవి గర్భసంచి లోపలి పొరలో ద్రవం నిండిన సంచులు మాత్రమే. వీటిలో రెండు రకాలు ఉన్నాయి. మొదటిది గ్రంథి తిత్తి: లోపలి పొరలోని గ్రంథుల చుట్టూ నార కణజాలం బిగుసుకుని నాళం మూసుకుపోతే, ఊరిన స్రావం బయటికి రాలేక గ్రంథి ఉబ్బుతుంది. ఇవి చాలా చిన్నవి కాబట్టి సాధారణంగా స్కానింగులో కనిపించవు, బయాప్సీ ముక్కను సూక్ష్మదర్శినిలో చూసినప్పుడే బయటపడతాయి. రెండవది శోషరస తిత్తి: గర్భసంచి గోడలోని లింఫ్ నాళాల్లో ప్రవాహం ఆగిపోయినప్పుడు ఆ నాళాలే సాగి, పలుచని గోడ గల సంచులుగా మారి లోపలి ఖాళీలోకి పొడుచుకు వస్తాయి. కొన్ని మిల్లీమీటర్ల తిత్తి నుంచి 10 సెంటీమీటర్లు దాటిన తిత్తి వరకు ఉండవచ్చు. స్కానింగు తెరమీద నల్లగా కనిపించి అందరినీ కంగారు పెట్టేవి దాదాపు ఎప్పుడూ ఈ రెండవ రకమే.

ఆవుకు, గేదెకు సిస్టు ఉంటే హార్మోను ఇంజెక్షనుతో తగ్గుతుంది. గుర్రానికి అదే వేస్తే సరిపోదా?

తెలుగునాట ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. పాడిపశువులతో పెరిగిన మనకు సిస్టు అనగానే గుర్తుకు వచ్చేది అండాశయం మీద సిస్టు. అక్కడ విడుదల కావలసిన అండపు బుడగ విడుదల కాకుండా నిలిచిపోతుంది, అందుకే హార్మోనుకు లొంగుతుంది. గుర్రంలో మనం మాట్లాడుతున్నది గర్భసంచి గోడలోని తిత్తి. అది హార్మోను లోపంతో వచ్చింది కాదు, నాళం మూసుకుపోయి వచ్చింది. కాబట్టి హార్మోను ఇంజెక్షనుకు అది కరగదు. పైగా ఆవుల్లో చూసే అండాశయ సిస్టుల జబ్బు ఆ రూపంలో గుర్రాలకు రాదు. పేరు ఒకటే అయినంత మాత్రాన వైద్యం ఒకటి కాదు.

ఏ గుర్రాలకు వస్తాయి?

ముఖ్యంగా వయసు మీరిన వాటికి. 10, 11 ఏళ్లు దాటిన తర్వాత తిత్తులు కనిపించే అవకాశం బాగా పెరుగుతుంది. 17, 18 ఏళ్ల గుర్రంలో ఒక్క తిత్తి కూడా లేకపోతేనే ఆశ్చర్యపడాలి. అనేకసార్లు ఈనడం వల్ల గర్భసంచి సాగి పొట్టలోకి వేలాడటం, దాని కండరాలు సరిగా ముడుచుకోలేకపోవడం, రక్తనాళాల గోడలు వయసుతో గట్టిపడటం, ఎడతెగని వాపు, ఇవన్నీ లింఫ్ ప్రవాహాన్ని మందగింపజేస్తాయి. పందేల నుంచి విరమించి నేరుగా స్టడ్‌కు వచ్చిన నాలుగైదేళ్ల గుర్రంలో ఇవి అరుదు. అటువంటి పడుచు గుర్రం చూలు కట్టకపోతే కారణాన్ని తిత్తుల్లో వెతకవద్దు.

తిత్తి ఉంటే చూలు ఎందుకు నిలవదు?

ఇది అర్థం కావాలంటే గుర్రం పిండం తొలి రెండు వారాల్లో ఏం చేస్తుందో తెలియాలి. అండం విడుదలైన ఆరో రోజు ప్రాంతంలో పిండం అండనాళం నుంచి గర్భసంచిలోకి దిగుతుంది. ఆవు పిండం దారంలా పొడవుగా సాగి గర్భసంచిని ఆక్రమించుకుంటుంది. గుర్రం పిండం అలా సాగదు. అది బంతిలా గుండ్రంగానే ఉండి, గర్భసంచి కండరాల కదలికతో ఒక కొమ్ము (గర్భసంచికి రెండు వైపులా చీలి ఉండే భాగాల్లో ఒకటి) కొస నుంచి రెండో కొమ్ము కొస దాకా రోజుకు అనేకసార్లు దొర్లుతూ తిరుగుతుంది. 1980ల తొలి సంవత్సరాల్లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఓ. జె. గింథర్ అల్ట్రాసౌండుతో ఈ సంచారాన్ని వివరంగా చూపించిన తర్వాతే దాని ప్రాముఖ్యం అందరికీ తెలిసింది. పిండం ఇలా గోడనంతా తాకుతూ తిరిగితేనే, 14వ రోజు ప్రాంతంలో గర్భసంచి నుంచి ప్రోస్టాగ్లాండిన్ విడుదల కాకుండా ఆగుతుంది. అది ఆగితేనే అండాశయం మీది కార్పస్ లూటియం బతికి, చూలును కాపాడే ప్రొజెస్టెరాన్‌ను ఇస్తూ ఉంటుంది. పిండాన్ని ప్రయోగపూర్వకంగా ఒకే భాగంలో కట్టడి చేసినప్పుడు చూలు పోయి గుర్రాలు తిరిగి ఎదకు వచ్చాయి.

పెద్ద తిత్తి ఆ దారికి అడ్డుపడితే, పిండం ఆరోగ్యంగా ఉన్నా దాని కబురు గర్భసంచిలోని సగభాగానికి చేరకపోవచ్చు. మరొక నష్టం కూడా ఉంది. 16వ రోజు ప్రాంతంలో పిండం కొమ్ము మొదట్లో, అంటే కొమ్మూ గర్భసంచి నడిమి భాగమూ కలిసే చోట స్థిరపడుతుంది. తిత్తులు ఎక్కువగా కనిపించేదీ సరిగ్గా ఆ చోటే. పిండపు పొర ఆరోగ్యకరమైన గోడకు బదులు తిత్తి గోడకు ఆనుకుంటే, ఆ మేరకు గ్రంథుల నుంచి అందవలసిన పోషణ అందదు. 40వ రోజు చుట్టుపక్కల కొన్ని చూళ్లు పోవడానికి ఇది ఒక కారణం.

ఇంత చెప్పిన తర్వాత మరొక నిజం కూడా చెప్పాలి. ఈ విషయంలో పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పవు. తిత్తులున్న గుర్రాల్లో పిండనష్టం ఎక్కువని కొన్ని అధ్యయనాలు తేల్చితే, గుర్రం వయసును లెక్కలోకి తీసుకుని చూసినప్పుడు తిత్తుల వల్ల తేడా కనిపించలేదని మరికొన్ని తేల్చాయి. తిత్తి చాలాసార్లు ముసలి గర్భసంచికి గుర్తే తప్ప, చూలు నిలవకపోవడానికి అదే కారణం అని చెప్పలేము.

ఎంత పెద్ద తిత్తిని తీయించాలి?

ఒక్క కొలతతో గీత గీయడం సాధ్యం కాదు. ఒక సెంటీమీటరు తిత్తులు రెండు మూడు అక్కడక్కడ ఉంటే నేను వాటి జోలికి వెళ్లను. మూడు సెంటీమీటర్లకు మించిన తిత్తి కొమ్ము మొదట్లో కూర్చుని ఉన్నా, చిన్నవే అయినా ద్రాక్షగుత్తిలా ఒకచోట పేరుకుని దారిని మూసేస్తున్నా, గర్భసంచిని కడిగినప్పుడు ద్రవం ఆ తిత్తుల వెనక నిలిచిపోతున్నా, అప్పుడు చికిత్స గురించి మాట్లాడటం న్యాయం. తిత్తి పరిమాణం కంటే అది ఉన్న చోటుకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. పెద్ద తిత్తి ఉన్నా ఏటా ఈనుతున్న గుర్రానికి చికిత్స అవసరమే లేదు.

స్కానింగులో పిండాన్ని, తిత్తిని ఎలా వేరు చేస్తారు?

తెరమీద రెండూ నల్లని గుండ్రని ఆకారాలే. 14 రోజుల పిండం దాదాపు 15 మిల్లీమీటర్లు ఉండి, చక్కగా గుండ్రంగా, పైన ఒకటి కింద ఒకటి చిన్న తెల్లని గీతలతో కనిపిస్తుంది. అయితే ఆ తెల్లని గీతలు నున్నని గోడ గల తిత్తికి కూడా కనిపించవచ్చు కాబట్టి వాటినే నమ్ముకుంటే మోసపోతాం. తిత్తి ఆకారం తరచుగా వంకరగా ఉంటుంది, లోపల అడ్డుగోడలు ఉండవచ్చు. నిజంగా నమ్మదగినవి మూడు: కదలిక, పెరుగుదల, గుండె. 16వ రోజు దాకా పిండం చోటు మారుతుంది, తిత్తి మారదు. పిండం ఆ దశలో రోజుకు 3 నుంచి 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది, తిత్తి రెండు రోజుల్లో పెరగదు. 17 నుంచి 24వ రోజు దాకా పిండపు సంచి పెరుగుదల మందగిస్తుంది కనుక ఆ రోజుల్లో కొలత ఒక్కటే చాలదు. 25వ రోజుకు గుండె కొట్టుకోవడం కనిపిస్తే ఇక అనుమానానికి తావు ఉండదు.

కొన్నేళ్ల కిందట ఒక ఫారంలో పదహారేళ్ల మార్వారీ గుర్రాన్ని చూడటానికి వెళ్లాను. దాటించిన తేదీలు ఉన్నాయి గానీ అండం విడుదలైన రోజు ఎవరూ రాయలేదు. ఎడమ కొమ్ము మొదట్లో పక్కపక్కనే రెండు నల్లని ఆకారాలు కనిపించాయి. ఒకటి 22 మిల్లీమీటర్లు, ఒకటి 15. "డాక్టరు గారూ, ఇవి పోయినేడాది సిస్టులేనండీ, ఎదకు వచ్చే ఇంజెక్షను వేసేయండి, మళ్లీ దాటిద్దాం" అన్నారు యజమాని. గుర్రాన్ని చట్రంలోనే ఉంచమని సైసును అడిగి, నలభై నిమిషాల తర్వాత మళ్లీ ప్రోబు పెట్టాను. 22 మిల్లీమీటర్లది ఉన్నచోటే ఉంది. 15 మిల్లీమీటర్లది అక్కడ లేదు. చూసుకుంటూ వెళ్తే కుడి కొమ్ము కొస దగ్గర దొరికింది. ఆ ఇంజెక్షను ప్రోస్టాగ్లాండిన్. వేసి ఉంటే ఆ చూలు అక్కడితో పోయేది. ఆ గుర్రం మరుసటి ఏడు ఆడపిల్లను ఈనింది, తిత్తి మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది.

కవలల విషయంలో తిత్తి ఎందుకంత ప్రమాదం?

గుర్రం కవలలను సాధారణంగా మోయలేదు. చాలావరకు నెలలు నిండకముందే రెండూ పోతాయి. ముఖ్యంగా థరోబ్రెడ్‌లలో ఒకే ఎదలో రెండు అండాలు విడుదల కావడం మామూలే కాబట్టి, 14 నుంచి 16 రోజుల మధ్య రెండు పిండాలు కనిపిస్తే పశువైద్యుడు ఒకదాన్ని నొక్కి చిదిమేస్తాడు. ఇక్కడ తిత్తి రెండు రకాలుగా తప్పుదారి పట్టిస్తుంది. తిత్తిని రెండో పిండం అనుకుంటే, తిత్తికి బదులు ఉన్న ఒక్క పిండాన్నే చిదిమే ప్రమాదం ఉంది. నిజమైన రెండో పిండాన్ని తిత్తి అనుకుని వదిలేస్తే కవలలు నిలిచిపోతాయి. 35వ రోజు తర్వాత గర్భసంచిలో ఎండోమెట్రియల్ కప్స్ అనే, హార్మోను ఊరించే చిన్న గిన్నెల్లాంటి నిర్మాణాలు ఏర్పడతాయి. ఆ తర్వాత చూలు పోయినా గుర్రం చాలా వారాల పాటు సరిగా ఎదకు రాదు, అంటే ఆ సీజను పోయినట్టే. ఈ రెండు తప్పులనూ తప్పించేది సీజనుకు ముందు రాసుకున్న ఒక్క కాగితం.

ఆ కాగితంలో ఏం రాయాలి?

సీజనులో మొదటిసారి దాటించడానికి ముందే, గర్భసంచి ఖాళీగా ఉందని ఖాయమైన రోజున, రెండు కొమ్ములనూ నడిమి భాగాన్నీ ముఖద్వారం దాకా నిదానంగా స్కాన్ చేయించండి. ఒక కాగితం మీద గర్భసంచి బొమ్మ గీసి, ఎడమ కుడి స్పష్టంగా గుర్తు పెట్టి, ప్రతి తిత్తి ఎక్కడ ఉందో చుక్క పెట్టి, పొడవు వెడల్పులు మిల్లీమీటర్లలో రాసి, ఆకారం గుండ్రమో వంకరో, లోపల అడ్డుగోడ ఉందో లేదో పక్కన రాయాలి. తెరమీది చిత్రాలను కూడా భద్రపరచాలి. గుర్రం మరో ఫారానికి వెళ్తే ఈ కాగితం దాని వెంట వెళ్లాలి. టీకాల పుస్తకాన్ని పంపినంత శ్రద్ధగా దీన్ని పంపే వాళ్లు తక్కువ. అందుకే కొత్త చోట డాక్టరు మొదటి నుంచి అనుమానపడవలసి వస్తుంది.

చికిత్సకు ముందు ఏ పరీక్షలు తప్పనిసరి?

మొదటిది, గుర్రం చూలుతో లేదని నిర్ధారించడం. తర్వాత మానం పెదవుల నిర్మాణం చూడాలి. అవి సరిగా మూసుకోక గాలీ పేడా లోపలికి పోతుంటే, పై భాగాన్ని కుట్టే కాస్లిక్ శస్త్రచికిత్స చేయకుండా లోపల తిత్తులు తీయడం వృథా శ్రమ. గర్భసంచి నుంచి స్వాబ్ తీసి కణాల పరీక్ష, సూక్ష్మజీవుల కల్చర్ చేయించాలి. ఇన్‌ఫెక్షను ఉంటే ముందు దానికే వైద్యం. లోపల ద్రవం నిలుస్తోందా అన్నది కూడా చూడాలి, ఎందుకంటే దాటించిన తర్వాత నిలిచిపోయే ద్రవమే ముసలి గుర్రాల్లో చూలు నిలవకపోవడానికి తిత్తుల కంటే పెద్ద కారణం.

అన్నిటికంటే విలువైనది బయాప్సీ. గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి, వాపు, గ్రంథుల చుట్టూ నార కణజాలం ఎంత ఉందో చూసి, కెన్నీ-డోయిగ్ పద్ధతిలో నాలుగు తరగతుల్లో ఒకదాన్ని ఇస్తారు. మంచి నిర్వహణలో పిల్ల పుట్టే అవకాశం ఒకటవ తరగతిలో 80 నుంచి 90 శాతం, 2ఏలో 50 నుంచి 80, 2బిలో 10 నుంచి 50, మూడవ తరగతిలో 10 శాతం అని అంచనా. 2ఏ తరగతి గుర్రంలో దారికి అడ్డంగా పెద్ద తిత్తి ఉంటే దాన్ని తీయించమని ధైర్యంగా చెబుతాను. మూడవ తరగతి గుర్రంలో తిత్తులన్నీ తీసినా కింద ఉన్న నేల మారదు. ఈ పరీక్ష చేయించకుండా నేరుగా లేజరుకు వెళ్లిన యజమానులు తర్వాత బాధపడటం చూశాను కనుక దీన్ని గట్టిగా చెబుతున్నాను.

చికిత్సా పద్ధతులు ఏమేమి ఉన్నాయి?

తిత్తిని సూదితోనో బయాప్సీ పట్టకారుతోనో పొడిచి ద్రవాన్ని తీసేయడం అన్నిటికంటే సులువు, చవక. కానీ గోడ అలాగే ఉండిపోతుంది కాబట్టి చాలావాటిలో మళ్లీ ద్రవం నిండుతుంది. కాడ ఉన్న తిత్తి అయితే, ఎండోస్కోపు (కెమెరా ఉన్న సన్నని గొట్టం) ద్వారా తీగ ఉచ్చును కాడకు బిగించి విద్యుత్తుతో కాల్చి తెంపవచ్చు. ఇది బాగా పనిచేసే పద్ధతే గానీ వెడల్పాటి పునాదితో గోడకు అతుక్కున్న తిత్తికి ఉచ్చు పట్టదు. అటువంటి వాటికి లేజరు ఉత్తమం. తిత్తిని తెరిచి ద్రవం వదిలించి, మిగిలిన గోడను కూడా కాల్చివేయడం వల్ల అది తిరిగి నిండే అవకాశం తగ్గుతుంది. మొదట్లో ఎన్‌డీ-యాగ్ లేజర్లు వాడేవారు, ఇప్పుడు మోయడానికి వీలైన డయోడ్ లేజర్లు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. గర్భసంచి గోడను గీకడం వంటి పాత మొరటు పద్ధతులు ఆరోగ్యకరమైన పొరను కూడా గాయపరుస్తాయి, వాటిని ఒప్పుకోవద్దు.

లేజరు చికిత్స రోజున ఏం జరుగుతుంది?

గుర్రాన్ని పడుకోబెట్టనవసరం లేదు. చట్రంలో నిలబెట్టి, డిటోమిడిన్ వంటి మత్తు మందుతో పాటు బ్యూటార్ఫనాల్ ఇస్తారు. పేడ తీసేసి, తోకకు కట్టు కట్టి పక్కకు లాగి, మానం చుట్టూ మూడుసార్లు శుభ్రంగా కడుగుతారు. ఒక మీటరుకు తగ్గని పొడవు గల, క్రిమిరహితం చేసిన ఎండోస్కోపును చేత్తో ముఖద్వారం దాటించి, గాలితోనో సెలైనుతోనో గర్భసంచిని కొద్దిగా ఉబ్బిస్తారు.

అప్పుడు తెరమీద లేత గులాబీ రంగు మడతలు విచ్చుకుంటాయి. వాటి మధ్య తిత్తి వలిచిన ద్రాక్షపండులా నిగనిగలాడుతూ కనిపిస్తుంది. దాని గోడ ఎంత పలుచన అంటే వెంట్రుకల్లాంటి రక్తనాళాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. లేజరు తీగ కొన తాకగానే చిన్న రంధ్రం పడి, నీళ్లలాంటి లేదా లేత పసుపు రంగు ద్రవం జారిపోయి, తిత్తి ఖాళీ సంచిలా ముడుచుకుంటుంది. ఆ ముడుచుకున్న గోడను కొద్దికొద్దిగా, తెల్లబడేంత వరకు మాత్రమే కాల్చాలి. ఇక్కడే చేతి అనుభవం తెలుస్తుంది. తొందరపడి లోతుగా కాలిస్తే కింద ఉన్న మంచి పొర దెబ్బతిని మచ్చ కడుతుంది. పొగను ఎప్పటికప్పుడు పీల్చివేస్తారు, గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ, గుర్రం తలను పట్టుకున్న సైసుతో సహా, లేజరు కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఉబ్బిన గర్భసంచి వల్ల గుర్రానికి కడుపునొప్పి లక్షణాలు కనిపిస్తే ఆగి గాలి తీసేయాలి. తిత్తులు మరీ ఎక్కువగా ఉంటే ఒకే రోజు అన్నీ తీయాలని పట్టుపట్టకుండా రెండు విడతలుగా చేయడం మేలు.

పని పూర్తయ్యాక కాలిన ముక్కలు పోయేలా గోరువెచ్చని సెలైనుతో గర్భసంచిని కడిగి, అది ముడుచుకోవడానికి ఆక్సిటోసిన్, నొప్పికీ వాపుకూ ఫ్లూనిక్సిన్, అవసరాన్ని బట్టి యాంటీబయాటిక్ ఇస్తారు. కడగడం మరో ఒకటి రెండు రోజులు కొనసాగవచ్చు.

ఏ ప్రమాదాలు ఉన్నాయి?

ఇన్‌ఫెక్షను, గర్భసంచి గోడలు ఒకదానికొకటి అతుక్కోవడం, చాలా అరుదుగా గోడకు రంధ్రం పడటం. నిపుణుల చేతిలో ఇవి తక్కువ.

ఏ నెలల్లో చేయిస్తే మంచిది?

మన దేశంలో స్టడ్ ఫారాల సీజను ఫిబ్రవరి నుంచి జూను దాకా సాగుతుంది. థరోబ్రెడ్‌ల వయసును జనవరి 1 నుంచి లెక్కిస్తారు కాబట్టి అందరూ ఫిబ్రవరికే సిద్ధంగా ఉండాలనుకుంటారు, డిసెంబరు నుంచే గుర్రాలను రోజుకు 16 గంటల వెలుతురులో ఉంచుతారు. కనుక చూలు లేని గుర్రానికి సెప్టెంబరు నుంచి నవంబరు లోపల పరీక్షలూ చికిత్సా పూర్తి చేయించడం మంచిది. మానడానికి తగిన వ్యవధి దొరుకుతుంది, ఫలితాన్ని మళ్లీ స్కాన్ చేసి చూసుకోవచ్చు. మే నెలలో మూడు ఎదలు వృథా అయ్యాక కంగారుగా చేయించే చికిత్సకు ఆ సౌకర్యం ఉండదు.

చికిత్స తర్వాత ఎప్పుడు దాటించవచ్చు? దాటించినప్పుడు ఏ జాగ్రత్త?

కనీసం ఒక పూర్తి ఎదచక్రం, అంటే మూడు వారాలు ఆగి, మళ్లీ స్కాన్ చేసి, ద్రవం నిలవలేదని, వాపు లేదని తేలిన తర్వాతే దాటించాలి. ముసలి గుర్రాన్ని ఒక ఎదలో ఒకే ఒక్కసారి, అండం విడుదలకు దగ్గరగా దాటించడం మంచిది. ప్రతిసారీ వీర్యంతో పాటు సూక్ష్మజీవులూ మురికీ లోపలికి వెళ్తాయి, వాటిని బయటికి నెట్టే శక్తి దానికి తక్కువ. దాటించిన 4 నుంచి 8 గంటల మధ్య స్కాన్ చేసి, ద్రవం ఉంటే గర్భసంచిని కడిగి ఆక్సిటోసిన్ ఇస్తే ఎంతో మేలు జరుగుతుంది. నాలుగు గంటలకే అవసరమైన వీర్యకణాలు అండనాళానికి చేరిపోతాయి, పిండం ఆరో రోజు దాకా గర్భసంచిలోకి దిగదు. కనుక ఆ తొలి గంటల్లో కడగడం వల్ల చూలు పోతుందని భయపడనవసరం లేదు.

తీసిన తిత్తులు మళ్లీ వస్తాయా?

పూర్తిగా కాల్చిన తిత్తి అదే చోట తిరిగి రావడం తక్కువ. లింఫ్ ప్రవాహం మందగించడమనే మూలం అలాగే ఉంటుంది కాబట్టి కొత్తవి పుట్టవచ్చు. అందుకే చికిత్స చేయించిన ఏడాదే దాటించడం మంచిది. రెండేళ్లు పక్కన పెట్టి తర్వాత చూద్దామనుకుంటే చేసిన ఖర్చుకు ఫలం దక్కకపోవచ్చు.

తిత్తులు తీయకుండా ప్రొజెస్టెరాన్ మందుతో చూలు నిలపలేమా?

కొన్నిసార్లు నిలపగలం. పిండం సంచారానికి అడ్డు రావడం వల్ల కార్పస్ లూటియం కరిగిపోవడమే సమస్య అయితే, ఆ హార్మోను లోటును ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే ఆల్ట్రెనోజెస్ట్ అనే మందు తీరుస్తుంది. కిలో బరువుకు 0.044 మిల్లీగ్రాముల చొప్పున రోజూ నోటి ద్వారా ఇస్తారు. సుమారు 120 రోజుల దాకా, మాయ తానే ఆ పనిని చేపట్టే వరకు కొనసాగించవలసి రావచ్చు. మధ్యలో నాగా పడకూడదు. పోషణ అందకపోవడమే సమస్య అయితే ఈ మందు ఏమీ చేయలేదు. గర్భసంచిలో ఇన్‌ఫెక్షను ఉండగా దీన్ని మొదలుపెడితే ముఖద్వారం మూసుకుని ఇన్‌ఫెక్షను లోపలే ముదురుతుంది. గర్భిణులు, పిల్లలను కనే వయసులో ఉన్న స్త్రీలు ఈ మందును ఒట్టి చేతులతో ముట్టుకోరాదు, అది చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతుంది.

గర్భసంచిలోకి మందులు, కషాయాలు పోస్తే తిత్తులు కరగవా?

కరగవు. గాఢమైన అయోడిన్ వంటివి పోస్తే లోపలి పొర మండి, గోడలు అతుక్కుని, ఉన్న అవకాశం కూడా పోతుంది. ఎవరైనా తిత్తులు కరిగే మందు ఉందంటే, ఆ గుర్రం స్కానింగు చిత్రాలు ముందువీ తర్వాతవీ చూపించమని అడగండి.

ఏం చేసినా నిలవకపోతే?

గర్భసంచి పనికిరాకపోయినా అండాశయం బాగుండవచ్చు. అప్పుడు పిండ మార్పిడి ఒక దారి: అండం విడుదలైన ఏడెనిమిది రోజులకు పిండాన్ని కడిగి బయటికి తీసి పడుచు గుర్రం గర్భసంచిలో పెడతారు. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి చెందిన బికనేర్ శాఖలో 2023 మేలో ఈ పద్ధతిలో పుట్టిన మార్వారీ పిల్లకు రాజ్ ప్రథమ్ అని పేరు పెట్టారు. అయితే థరోబ్రెడ్‌లకు ఈ దారి మూసి ఉంది. సహజంగా దాటించగా చూలు కట్టి, కన్నతల్లే మోసి ఈనిన పిల్లను మాత్రమే స్టడ్ బుక్‌లో, అంటే ఆ జాతి గుర్రాల నమోదు పుస్తకంలో చేర్చుతారు. హైదరాబాదు మలక్‌పేట పందేలలో పరుగెత్తే పిల్ల కావాలనుకునే యజమాని ఈ నియమాన్ని ముందే తెలుసుకోవాలి. అటువంటి గుర్రం బయాప్సీ మూడవ తరగతి అయితే, దానికి విశ్రాంతి ఇచ్చి, దాని కూతుళ్లలో ఒకదాన్ని స్టడ్‌కు తీసుకోవడం గుర్రానికీ యజమానికీ మంచిది.

చూలు కట్టిన తర్వాత ఎప్పుడెప్పుడు స్కాన్ చేయించాలి?

14వ రోజున, తిత్తుల కాగితం చేతిలో పెట్టుకుని. అనుమానం ఉంటే 16వ రోజున మళ్లీ. గుండె కోసం 25 నుంచి 28 రోజుల మధ్య. ఎండోమెట్రియల్ కప్స్ ఏర్పడకముందు 33వ రోజు ప్రాంతంలో, కవలల గురించి ఆఖరిసారి నిశ్చయించుకోవడానికి. 45వ రోజున, 60వ రోజున. తిత్తులున్న గుర్రంలో ఈ చివరి రెండింటిని చాలామంది మానేస్తారు. పోషణ చాలక పోయే చూలు పోయేది ఆ రోజుల్లోనే, పోయినా బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. గుర్రం మామూలుగా మేస్తూ ఉంటుంది, సైసుకు కూడా తేడా తెలియదు, పదకొండు నెలలు ఎదురుచూసిన తర్వాత గానీ సంగతి బయటపడదు.